మూడో బురుజు కింద కిటికీ

దుమ్ముకూ నాకూ పడదు. ఊరికే అనడం లేదు, నా బతుకుతెరువే అది. పాత సినిమాలను ఇళ్లలో చూసుకునే డిస్కులుగా వేసే ఒక చిన్న సంస్థలో నేను దుమ్ము దులుపుతాను. చీపురుతో కాదు, మౌసుతో. పాత రీళ్లను కంప్యూటర్లోకి ఎక్కించి నా ముందు పడేస్తారు. వాటి మీద మచ్చలు, గీతలు, బూజు మరకలు, ఒక్కోసారి ఎవరివో తల వెంట్రుకలు కూడా ఉంటాయి. అన్నిటినీ ఫ్రేము ఫ్రేముకీ తుడిచి, బొమ్మను తళతళలాడించి పంపాలి. రోజంతా ఈ పనే చేసి ఇంటికెళ్లినా నా చెయ్యి ఊరుకోదు. అద్దం మీద మరక కనిపిస్తే చొక్కా చివరతో రుద్దేస్తాను.

"నీకు పెళ్లి చేస్తే మొగుణ్ణి కూడా దులిపి తీగ మీద ఆరేస్తావే," అనేది అక్క.

మా ఇంట్లో అప్పుడు ముగ్గురం. అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే పోతే పెదనాన్న మమ్మల్నిద్దర్నీ పెంచాడు. అక్క నాకంటే చాలా పెద్దది. ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నేను తాళంచెవి ఎక్కడపడితే అక్కడ పారేసుకుంటానని, నా ప్రతి చొక్కాకీ లోపలివైపు, సరిగ్గా గుండె దగ్గర, పైకి కనిపించని జేబు ఒకటి కుట్టి పెట్టేది. "బుర్ర ఎలాగూ పారేసుకున్నావు, తాళమన్నా ఉంచుకో," అని దీవించేది.

పెదనాన్న ఒకప్పుడు సినిమాలకు గాజు మీద బొమ్మలు గీసేవాడు. కంప్యూటర్లో కోటలు కట్టే రోజులు కావవి. పెద్ద గాజు పలక మీద కోటా, కొండా, ఆకాశం గీసి, నటులు కనిపించాల్సిన చోటు ఖాళీగా వదిలి, దాన్ని కెమెరా ముందు నిలబెట్టి తీసేవాళ్లు. తెర మీద చూస్తే మనుషులు నిజంగానే ఆ కోట కింద నడుస్తున్నట్టుండేది. ఆయన గీసినవాటిలో గొప్పది రాణి సినిమా. దానికి అసలు పేరు వేరే ఉంది గాని, మా ఇంట్లో అందరం అలాగే అంటాం.

అది పిల్లల సినిమా కాదు. అట్ట మీద 'పెద్దలకు మాత్రమే' అని ఎర్రగా అచ్చువేసి ఉండేది. నల్లటి నీళ్ల మధ్య దీపాల నగరం. దానికొక రాణి. ఆమె రోజుకొకణ్ణి తన పడకగదికి పిలుచుకుంటుంది. తెల్లారేసరికి నగరంలో అతని ఇంటి కిటికీలో దీపం ఆరిపోతుంది. దీపం ఆరినవాణ్ణి ఇక ఎవరూ తలుచుకోరు, కన్నతల్లి కూడా. ఆ తల్లి పొద్దున్నే రెండు పక్కలు దులిపి, రెండోది ఎవరిదా అని చూస్తూ నిలబడుతుంది. ఒళ్లు చల్లబడే కథ. కానీ ఆ నీలాలు, ఆ బంగారు రంగులు, రాణి గదిలో పొగలా కదిలే పరదాలు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం.

పెదనాన్న దగ్గర దాని వీడియో క్యాసెట్టు ఉండేది. బీరువా పైన దుప్పట్ల కింద దాచేవాడు. ఆయన దాచిన చోటు అక్కకు తెలుసు. ఆయన లేని మధ్యాహ్నాల్లో అక్క ఆ సినిమా పెట్టుకునేది. నన్ను బయటికి తోలితే ఏడ్చి గోల చేస్తానని పక్కనే కూర్చోబెట్టుకునేది. చూడకూడనిది రాగానే నా కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టేది. అప్పుడే కుట్టుపని నేర్చుకుంటోందేమో, ఆ చేతికి సుద్ద వాసన. వేళ్ల సందుల్లోంచి నేను అంతా చూశాను. రాణి సినిమా అంటే నాకు గుర్తొచ్చేది ఆ దీపాల నగరం, దానికి అడ్డంగా నల్లగా అక్క వేళ్లు.

అన్నేళ్లకు ఆ సినిమానే మా ఆఫీసుకు వచ్చింది. లోకంలో మిగిలింది ఒకే ఒక్క రీళ్ల కట్ట, అదీ పులుపు వాసన కొడుతూ జిగురుగా మారిపోతోంది. కంప్యూటర్లోకి ఎక్కించగానే పారేయాల్సి వచ్చింది. క్యాసెట్లన్నీ ఎప్పుడో బూజు పట్టిపోయాయి. ఇక ఆ సినిమా అంటూ ఉంటే నా కంప్యూటర్లోనే ఉంది. మా సారును మేం చాటుగా తొందరయ్య అంటాం. "తొందరగా తల్లీ, తొందరగా," అనకుండా ఆయన ఊపిరి కూడా తీసుకోడు.

ఇంట్లో చెబితే అక్క ఎగిరి గంతేసింది. "మొదటి డిస్కు మనింటికే రావాలి. ఈసారి నీ కళ్లు మూయనులే," అంది. పెదనాన్న మాత్రం, "బాగా తుడుస్తావా?" అని అడిగాడు. "నీ గాజు కంటే శుభ్రంగా వస్తుంది చూడు," అన్నాను. ఆయన నవ్వలేదు.

మా పనిలో మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. ఫిలిం మీద పడ్డ దుమ్ము ఒక ఫ్రేములో ఉంటుంది, పక్క ఫ్రేములో ఉండదు. చిటుక్కున మెరిసి మాయమవుతుంది. కదలకుండా ఒకేచోట ఉన్నది బొమ్మలో భాగం, దాని జోలికి వెళ్లకూడదు. కానీ గాజు బొమ్మల దగ్గర ఈ సూత్రం పనిచేయదు. ఆనాడు గాజు మీదే నలుసు పడి ఉంటే అది కూడా కదలదు. కెమెరా చూసినంతసేపూ అక్కడే ఉంటుంది.

దీపాల నగరం మొదటిసారి కనిపించే షాటు దగ్గర నేను పని ఆపి అలా చూస్తూ ఉండిపోయాను. నీళ్ల మీద వరసగా బురుజులు, బురుజుల నిండా మినుకుమినుకుమనే కిటికీలు. మూడో బురుజు కింద మెట్లున్నాయి. ఆ మెట్ల పక్కన, చీకటి గోడ మీద, మసకగా రెండు చుక్కలు. కిటికీల వరసలో లేవు, కిటికీల ఆకారమూ లేదు. గాజు మీద పడ్డ నలుసులే అనుకున్నాను. మా పెదనాన్న బొమ్మ మీద నలుసులా అని నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండింటినీ తుడిచేశాను. గోడ నున్నగా, నల్లగా వచ్చింది. షాటు ఖాయం చేసి, ఒళ్లు విరుచుకుని ఇంటికి బయల్దేరాను.

చొక్కా లోపలి జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాను. మా ఇంట్లో ఎప్పుడూ ఇద్దరమే, పెదనాన్న, నేను. ఆయన లేచి వచ్చి తలుపు తీసేలోపు నాకు కాళ్లు పీకుతాయి కాబట్టి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. ఎందుకో మూడు కప్పులు కడిగి, ఒకటి మళ్లీ బోర్లించాను.

"అదింకా రాలేదేం?" అన్నాడు పెదనాన్న.

"ఎవరు?"

"ఎవరేమిటే? మీ అక్క."

"నాకు అక్క ఎక్కణ్ణుంచి ఊడిపడింది పెదనాన్నా? ఉన్నది నేనొక్కదాన్నే. నాతోనే వేగలేక చస్తున్నావు."

నవ్వుతాడనుకున్నాను. ఆయన ముఖం పక్కకు తిప్పి కంటి కొసతో నన్ను చూశాడు. ఆయన కళ్లకు ఎదురుగా ఉన్నది ఆనదు, పక్కనున్నది మాత్రం కనిపిస్తుంది. అలా చూస్తూనే కప్పు అందుకున్నాడు. పాపం, మతి తప్పుతోంది, డాక్టరుకు చూపించాలి అనుకున్నాను.

ఆ తర్వాత ఇల్లు నాకు కొత్తగా అనిపించసాగింది. ముందుగదిలో కుట్టుమిషను ఉంది. అమ్మది కాబోలు. కానీ సూదిలో నీలం దారం ఎక్కించి ఉంది. సూది కింద ఏదో గౌను చెయ్యి, సగం కుట్టు పడి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఉంది. మిషను మీద చేత్తో రాసి చూశాను. దుమ్ము లేదు. మిగతా విషయాల్లో ఏమోగాని దుమ్ము విషయంలో నేను పొరపడను. ఏళ్లుగా ఎవరూ ముట్టని మిషను మీద దుమ్ము ఎందుకు లేదు?

ఒక పొద్దున ఒకావిడ తలుపు తట్టి, "నా గౌను అయిందా?" అని అడిగింది.

"ఏ గౌనండీ?"

ఆవిడ నుదురు రుద్దుకుంది. "నీలం గౌను. ఇక్కడే ఇచ్చాను... ఎవరికిచ్చాను? ఇక్కడ కుట్టేదెవరు?"

"ఎవరూ లేరండీ."

"అవును కదా," అంది ఆవిడ. గుమ్మానికి అటొకరం ఇటొకరం అలాగే నిలబడ్డాం. లోపల మిషను మీద ఉన్నది ఆవిడ గౌనేనని నాకు తెలుసు, ఆవిడకూ అక్కణ్ణుంచి కనిపిస్తోంది. ఇద్దరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేకపోయింది. వెళ్లేటప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఎందుకు ఏడుపొస్తోందో తెలీడం లేదమ్మా," అంది. తలుపేసుకున్నాక చూసుకుంటే నా చెంపలూ తడిగానే ఉన్నాయి.

పని పూర్తయి పరీక్ష కోసం వేసిన డిస్కును సెలవు రోజు మధ్యాహ్నం ఇంటికి తెచ్చాను. పెదనాన్న టీవీకి బెత్తెడు దూరంలో కుర్చీ వేసుకుని, ముఖం పక్కకు తిప్పి కూర్చున్నాడు. తెర మీద దీపాల నగరం లేచింది.

"చూశావా ఎంత శుభ్రంగా ఉందో! చిన్నప్పుడు క్యాసెట్టులో చూస్తే ఈ బొమ్మకు అడ్డంగా నల్ల చారలుండేవి. పాడైన క్యాసెట్టు కాబోలు," అన్నాను.

"అవి చారలు కావే," అన్నాడు పెదనాన్న. "వేళ్లు. చిన్నప్పుడు నువ్వే చెప్పావు."

ఆయన బొమ్మను ఆపమని, చూపుడువేలు తెర మీద తడుముకుంటూ మూడో బురుజు కిందికి, మెట్ల పక్కకు తెచ్చాడు.

"ఇక్కడ కిటికీ ఏదీ?"

"అక్కడ కిటికీ లేదు. నలుసులుంటే తుడిచాను."

ఆయన చెయ్యి తెర మీదే ఉండిపోయింది. మెల్లగా చెప్పాడు. "కిటికీలను గీయం. నల్ల రంగును సూదితో గీకేస్తాం. వెనక దీపం పెడితే గీకిన చోటునుంచి వెలుగొస్తుంది. అప్పుడు మీ అక్క నా ఒళ్లో కూర్చుని నేనూ గీకుతానని పేచీ పెట్టింది. సూది దాని చేతికిచ్చి, వేళ్లు పట్టుకుని గీకించాను. చెప్పిన చోట గీకితేనా? మెట్ల పక్కన వంకరటింకరగా గీకి, 'ఇది నా ఇల్లు' అంది. దర్శకుడు చెరిపేయమన్నాడు. నాకు చేతులు రాలేదు."

"అయితే నువ్వొక్కడివే ఎలా గుర్తుంచుకున్నావు?"

"నేను గుర్తుంచుకోలేదే అమ్మా. దాని ముఖం నాకూ రావడం లేదు. ఈ చెయ్యి మరిచిపోలేదు, అంతే."

"మరి నా కిటికీ?"

"నువ్వప్పటికి పుట్టనేలేదు. నిన్ను తుడవడం ఎవరి తరమూ కాదు."

వాదిద్దామనే నోరు తెరిచాను. చెయ్యి దానంతటదే చొక్కా లోపలి జేబు మీదికి వెళ్లింది. చిన్న చిన్న కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, చీమలబారులా. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పెదనాన్నకు సూదే కనిపించదు. మరి నా గుండె దగ్గర ఇంత ఓపిగ్గా కూర్చుని కుట్టిందెవరు? ముఖం తెలీని మనిషి కోసం, పేరైనా రాని మనిషి కోసం, నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. నాకు అక్క ఉంది. దాన్ని నేనే తుడిచేశాను.

మర్నాడు ఆఫీసుకు పరుగెత్తాను. ఆ సాయంత్రమే సినిమా డిస్కులు అచ్చువేసే ఫ్యాక్టరీకి వెళ్లాలి. వెళ్లగానే తుడవకముందు దాచిన ముడి కాపీని చెరిపేసి, తర్వాతి సినిమాకు జాగా చేస్తారు. ముడి కాపీ పోతే అక్క ఇక రాదు. ఒక్క షాటు మార్చాలన్నానో లేదో తొందరయ్య చిందులు తొక్కాడు. "అద్దంలా ఉన్నదాన్ని మళ్లీ గెలకడమేంటి తల్లీ? బండి వచ్చి కూర్చుంది!" నేను వినిపించుకోలేదు. ఆయన నా కుర్చీ వెనకే నిలబడి గడియారం చూసుకుంటూ నిట్టూర్పులు విడుస్తున్నాడు.

ముడి కాపీ తెరిచి మెట్ల పక్కకు వెళ్లాను. రెండు చుక్కలు. ఎంత పెద్దవి చేసి చూసినా రెండూ ఒకేలా మసగ్గా, ఒకేలా వంకరగా, రెండూ కదలకుండా. ఇంటికి ఫోన్ చేశాను.

"రెండా?" అన్నాడు పెదనాన్న. "మేం గీకింది ఒకటేనే."

"ఏ పక్కది?"

"మెట్ల పక్కది."

"రెండూ మెట్ల పక్కనే ఉన్నాయి పెదనాన్నా!"

"మేం గాజు గీసే గదిలో దుమ్ము బాగా లేచేది. ఏదో నలుసు పడి ఉంటుంది. బాగా చూడవే. దుమ్మును వెలిగించకు," అన్నాడు.

ఎలా చూడమంటారు? ఒకటి ఉంచి ఒకటి తీస్తే, తీసింది అక్కయితే? మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు గాని, నా స్థానంలో ఉండి అక్క మీద జూదమాడే మనిషి ఉంటే వాళ్ల ముఖం నాకు చూపించకండి. రెండింటినీ మళ్లీ వెలిగించాను. షాటు ఖాయం చేశాను. తొందరయ్య నా చేతిలోంచి లాక్కున్నట్టే తీసుకుపోయాడు. నా కళ్లముందే ముడి కాపీని చెరిపేశారు.

ఇంటి మెట్లెక్కుతుంటే మిషను చప్పుడు వినిపించింది. తాళంచెవి మాటే మరిచిపోయి బెల్లు మీద వేలు పెట్టి తీయలేదు.

"తాళం ఉంది కదే! బెల్లు కొట్టి చంపుతావేం?"

అక్క. మెడలో కొలతల టేపు, పళ్ల మధ్య గుండుసూది. ఆ ముఖం, ఆ నోరు, ఆ సుద్ద వాసన, నా బతుకంతా ఒక్కసారిగా నా మీద పడింది. దాన్ని పట్టుకుని బావురుమన్నాను.

"ఏమైందే? వదులు, సూదులు గుచ్చుకుంటాయి. పొద్దున్నేగా నా చేత తిట్లు తిని వెళ్లావు," అని నా తల నిమిరింది. "చేతులు కడుక్కుని రా. నడిపిది నీకోసం ఎప్పట్నుంచో కూర్చుంది."

"ఎవరు?"

"ఎవరేమిటే? నడిపక్క."

భోజనాల బల్ల మీద నాలుగు కంచాలున్నాయి. నా కుర్చీ పక్కన ఒకామె కూర్చుని ఉంది. బూడిదరంగు బట్టలు. అక్క ముక్కు, నా గడ్డం. చూస్తున్నంతసేపూ తెలిసిన ముఖంలాగే ఉంది, కళ్లు తిప్పుకుంటే జారిపోతోంది. కిటికీలోంచి సాయంత్రం ఎండ ఆమె మీద పడుతోంది. ఆ ఎండలో నలుసులు తేలుతున్నాయి, ఆమె చుట్టూ మాత్రమే. నన్ను చూసి నవ్వి, బల్ల మీదినుంచి చెయ్యి తీసి కుర్చీ చూపించింది. చెయ్యి ఉన్నచోట బూడిదరంగు అచ్చు పడింది.

పెదనాన్న కంటి కొసతో అటే చూస్తున్నాడు. నేను పక్కనుంచి వెళ్తుంటే నా మణికట్టు పట్టుకుని, "ఇదెవరే? నా చేతికి ఇది తెలీదు," అన్నాడు గొణుగుతూ.

అక్క గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. నడిపక్క నా చెవి దగ్గరికి వంగింది. "రెండూ ఉంచావు," అంది మెత్తగా. "నీ మేలు మరిచిపోను."

డిస్కులు ఊరంతా వచ్చేశాయి. ఇంత అందమైన సినిమా ఈమధ్య చూడలేదని అందరూ అంటున్నారు. దీపాల నగరం దగ్గర బొమ్మను ఆపి చూస్తున్నారట. ఎన్ని ఇళ్లలో ఆ రెండు కిటికీలు వెలుగుతున్నాయో నాకు తెలీదు. ఇక వాటిని తుడవడం నా వల్ల కాదు. అయినా, వల్లయితే మాత్రం ఏది తుడవాలి? పెదనాన్న గదిలోంచి బయటికి రావడం మానేశాడు. అక్క మాత్రం హాయిగా ఉంది, ఇద్దరు చెల్లెళ్లనూ ఒకే నోటితో తిడుతుంది. దాని గొంతు వినిపిస్తే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది.

నాకే గుర్తులు మారిపోతున్నాయి. ఇప్పుడు రాణి సినిమా తలుచుకుంటే నా చిన్నప్పటి కళ్ల మీద రెండు చేతులుంటాయి. ఒక కంటి మీద అక్కది, సుద్ద వాసనతో. రెండో కంటి మీద ఇంకొకటి. దానికి ఏ వాసనా లేదు, దాని వేళ్ల మధ్య సందులు కూడా లేవు.

ఇంట్లో దుమ్ము మరీ ఎక్కువైందని అక్క రోజూ విసుక్కుంటుంది. "దుమ్ముకూ నాకూ పడదని ఊరంతా చెప్పుకు తిరుగుతావు, కాస్త దులిపి చావవే," అని చీపురు నా చేతికివ్వబోతుంది. పక్కనుంచి నడిపక్క నన్నే చూస్తూ ఉంటుంది. నేను చీపురు తీసుకోను.